ఆరో పిడి

నమోదు 211
సాలూరు కొండల కింద. మనుషులు: నలుగురు. చుట్టాలు: ఒకరు. తూకం: సరి.

ఈ పూట పన్నెండు బోగీలూ తూచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మా ఇంట్లోవాళ్ళ బుర్రలు తప్ప.

తూకందారు రోజూ నమోదు రాయాలని మా వానబండి నియమం. పైన రాసిన నాలుగు ముక్కలు చాలు, అంతకు మించి ఎవరూ అడగరు. కానీ కాగితం తెల్లగా మిగిలిపోతే నాకు మనసొప్పదు. అందుకని ఇంటి సంగతులు కూడా రాసేస్తుంటాను. రాస్తూ పైకి చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పై అధికారులు ఇవన్నీ చదువుతారా అంటే, చదివితే చదివారు, వాళ్ళకీ ఇళ్ళున్నాయి.

ఈరోజు తొమ్మిదో బోగీ ఆవిడ చేత గులాబీ కుండీ దింపించాను. వాన వెంట తిరిగే ఈ రైలే మా ఊరు, పాత వంతెనలు ఎంత మోస్తే అంత. మనిషికి వంద కిలోల వాటా. ఒంటి బరువు, బట్టలు, గిన్నెలు, మంచం అన్నీ అందులోనే. మించితే ఏదో ఒకటి స్టేషన్లో విడుపు అరుగు మీద పెట్టి రావాలి, అక్కడి ఊరివాళ్ళు ఎవరైనా తీసుకోవచ్చు. ఆవిడ కుండీని అరుగు మీద పెడుతూ, "నువ్వు సచ్చినప్పుడు నీ పాడె కూడా తూసుకోరా సూరీ!" అని దీవించింది. "తూస్తారమ్మా, దానికీ రూలుంది," అన్నాను. నిజంగానే ఉంది.

అసలు కబురు వేరే ఉంది. ఆటపెట్టెకి మా ఇంటి వంతు వచ్చింది. గవరయ్య ఆటల బోగీ నుంచి ఇంటికొక్క గేమ్ కన్సోల్ ఇస్తారు. ఒకసారి ఎంచుకున్నామంటే బండి వాన వెంట ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా అదే. ఇంట్లో మనుషుల లెక్క మారితే తప్ప మార్చరు. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాం. కబురు తెలిసిన పావుగంటలో మా ఇంట్లో నాలుగు పార్టీలు తయారయ్యాయి.

మా అమ్మ సింహాద్రమ్మకి కుస్తీ ఆట కావాలి. మా ఆవిడ నూకరత్నం పొద్దంతా నీళ్ళ వ్యాగన్ దగ్గర గొట్టం పట్టుకుని ఎండిన చెరువుల్లోకి వాన నీళ్ళు వదులుతుంది. అయినా ఆమెకి పడవల ఆటే కావాలట. పదిహేనేళ్ళ మా అమ్మాయి పైడితల్లికి కళ్ళకి పెట్టుకునే పెట్టె కావాలి, ఎందుకంటే దాన్ని పెట్టుకుంటే మేమెవరం కనబడం. నాకు తేలికది కావాలి.

ఐదో మనిషిని అడిగితే తల అడ్డంగా ఊపింది. తవిటమ్మ మా అక్క వరహాలప్ప కూతురు. పదేళ్ళది. దాని తండ్రి ముందే పోయాడు. ఈ వేసవిలో మా అప్ప కూడా జ్వరంతో పోయింది. కళింగపట్నంలో వాన మొదలైన రోజున మేం తవిటిని బండెక్కించుకున్నాం, చుట్టంగా. చుట్టం ఒక చుట్టు ఉండొచ్చు. నాగావళి వంతెన తూకం దగ్గర "ఉంటాను" అని తన నోటితో చెబితే మా ఇంటి మనిషవుతుంది. చెప్పకపోతే కళింగపట్నంలో దిగి సముద్రపు బడి హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. ఇంటివాళ్ళు బలవంతం చేయకూడదు. వెనకటికి కొందరు వంద కిలోల వాటా కోసమని దిక్కులేని పిల్లల్ని ఎక్కించుకునేవారట, అందుకే ఆ నియమం. కాబట్టి ఉంటావా అని నేను దాన్ని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు మాత్రం అది ఉండాలని ఉంది. నవ్వితే మా అప్పే. కాకపోతే నవ్వడమే తక్కువ.

నాగావళి ఇంకెంతో దూరం లేదు.


నమోదు 213
బొబ్బిలి దారిలో. మనుషులు: నలుగురు. చుట్టాలు: ఒకరు. తూకం: సరి.

ఇవాళ సంసారమంతా గవరయ్య బోగీ మీదికి దండెత్తాం.

గవరయ్య ముందుగా కళ్ళపెట్టె చూపించాడు. ముప్పాతిక కిలో. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ నాకంటే ముందు లాక్కుని కళ్ళకి తగిలించుకుంది. లోపల ఎవడో మల్లయోధుడు కనిపించి ఉంటాడు. చీర కొంగు నడుముకి దోపి, "రారా నీ యమ్మ కడుపు కాల!" అంటూ చెయ్యి విసిరింది. గవరయ్య కళ్ళజోడు వెళ్ళి అటకెక్కింది.

"ఓలమ్మో, సంపేసినావే!" అని గవరయ్య చెంప పట్టుకున్నాడు.

"తగిలినాదా? మరి అడ్డొచ్చినావేటి?" అంది మా అమ్మ, కళ్ళపెట్టె తియ్యకుండానే.

దానితో ఇబ్బంది ఏమిటంటే, ఒక్కరు ఆడుతుంటే మిగిలినవాళ్ళు చూస్తూ కూర్చోవాలి. చూడటానికి కూడా ఏమీ ఉండదు, మా అమ్మ తప్ప. పైడి మూతి ముడుచుకుంది.

తరువాత చేతిపెట్టె. జేబులో పడుతుంది. ఇద్దరు ఆడొచ్చు. మా ఆవిడా పైడీ చెరో సగం పట్టుకుని ఆడారు, రెండు నిమిషాల్లో తగువొచ్చింది. అది కూడా పక్కన పెట్టాం.

మూడోది గోడపెట్టె. గోడ మీద బొమ్మ వేస్తుంది. చేతిలో పట్టుకు నొక్కే పిడులు నాలుగు. ఆటలు నలభై. పడవలున్నాయి, కుస్తీ ఉంది, పైడి అడిగిన ఆకాశ నగరాలున్నాయి. నాలుగు పార్టీలూ ఒక్కటైపోయాయి. బరువు ఏడు కిలోలని విన్నాక నా పార్టీ ఒక్కటే చీలిపోయింది.

ఇంత గొడవలో తవిటి మూల నిలబడి అన్నీ చూస్తోంది. నేనే దగ్గరికి పిలిచాను. "నీకేది నచ్చిందే?"

"నాకేటీ వొద్దు మావా. మీకు నచ్చినాదే," అంది. తరువాత నెమ్మదిగా అడిగింది, "ఆ కళ్ళపెట్టె ఎంత బరువు? ఈ గోడది ఎంతన్నారు?"

చెప్పాను. అది వంగి, అడుగు అరలో దుమ్ము పట్టిన ఇనప పెట్టెని వేలితో తుడిచింది. "మరి ఇది?"

"అదా! పద్దెనిమిది కిలోలు తల్లీ," గవరయ్య నవ్వాడు. "మా తాత కాలం నాటిది. పిడులు ఆరు, ఆటలు మూడు. దాన్ని ఎవులు మోస్తారు?"

తవిటి లేచి వేలి దుమ్ము దులుపుకుంది. నాకు మాత్రం గర్వం పొంగుకొచ్చింది. పిల్లలందరూ ఆటలెన్ని అని అడుగుతారు, ఇది బరువెంతని అడిగింది. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది? తిరిగొచ్చేటప్పుడు నూకరత్నంతో అదే అంటే, ఆవిడ ఏదో ఆలోచిస్తున్నట్టు నా వైపు చూసింది.


నమోదు 214
బొబ్బిలి. మనుషులు: నలుగురు. చుట్టాలు: ఒకరు. తూకం: సరి.

బండి బొబ్బిలిలో ఆగింది. ఇక్కడి చెరువులు నింపేదాకా కదలం.

మా వాటాలో ఖాళీ రెండు కిలోలే ఉంది. చుట్టానికి విడిగా వాటా ఉండదు, దాని బరువు మా నాలుగు వందల్లోంచే పోతుంది. గోడపెట్టె రావాలంటే ఐదు కిలోలు విడవాలి. ఎవరేం విడుస్తారో చెప్పమని అన్నం దగ్గర అడిగాను. అందరూ ఒక్కసారిగా పక్కవాళ్ళ సామాను గుర్తుచేసుకున్నారు.

"నాయనమ్మ రోలు," అంది పైడి.

"నీ చక్రాల చెప్పులు," అంది మా అమ్మ. "రోలు జోలికొస్తే రోకలి ఊరుకోదు."

చివరికి పైడి చక్రాల చెప్పులు ఒప్పుకుంది. నూకరత్నం రెండో అట్లపెనం ఇచ్చింది. నేను బల్ల మీద అలంకారానికి పెట్టుకున్న పాత ఇనప గుండు ఇచ్చాను. అది ఇచ్చేటప్పుడు నా ముఖం చూసి ఎవరికీ జాలి కలగలేదు. మా అమ్మ వంతు వచ్చేసరికి ఆవకాయ జాడీ ముందుకి లాక్కుంది. "ఇది అందరం కలిసి తినేద్దారి. తినేస్తే జాడీ తేలిపోతాది గదా."

"తిన్నది ఎక్కడికి పోద్దే అమ్మా? ఒంట్లోకే కదా! మనిషిని కూడా తూస్తాను మరి."

"నీ తూకం కాల్చా! తల్లి ముద్ద కూడా తూస్తావేట్రా?"

అందరం నవ్వాం. తవిటి కూడా కొంచెం నవ్వింది. ఆవకాయ ముద్ద దానికిస్తే సగం తిని చాలంది. ఈ మధ్య అది ఎప్పుడూ కడుపు నిండిందనే అంటోంది. వాన గాలికి ఆకలి మందగిస్తుందేమో.

అందరివీ కలిపితే ఇంకా ఒక కిలో తక్కువ పడింది. మా అమ్మ జాడీని చంకన పెట్టుకుని వెళ్ళి పడుకుంది. రేపు చూసుకుందామన్నాను.


నమోదు 215
బొబ్బిలి. మనుషులు: నలుగురు. చుట్టాలు: ఒకరు. తూకం: లెక్క కంటే కిలోన్నర తక్కువ!

నా పదహారేళ్ళ ఉద్యోగంలో ఇలా జరగలేదు. పొద్దున మా బోగీని తూకం పలక మీదికి నెట్టించి చూస్తే, ఉండాల్సిన దానికంటే కిలోన్నర తేలికగా ఉంది. ఇంకోసారి తూచాను. అదే. తూకం పలక విప్పి, కడిగి, నూనె వేసి, బిగించి మళ్ళీ తూచాను. అదే. తొమ్మిదో బోగీ ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "కుండీ శాపం తగిలినాది!" అంది.

పలక తప్పు కాదని ఆమె బోగీ తూచి రుజువు చేసుకున్నాను. మావాళ్ళే ఎవరో ఏదో చెప్పకుండా విడిచి ఉండాలి. అడిగితే అందరూ కాదన్నారు. తవిటి వంచిన తల ఎత్తలేదు. మా అమ్మ గుట్టుగా రోకలి దింపేసిందేమోనని చూశాను, అది మంచం కింద భద్రంగా ఉంది. ఆవిడ ఆవకాయ గుట్టుగా పక్కవాళ్ళకి పంచేసి పరువు కోసం ఒప్పుకోవడం లేదని తీర్మానించుకుని, పెద్దావిడని నిలదీయడం ఎందుకని వదిలేశాను. వచ్చింది లాభమే కదా!

సాయంత్రం గవరయ్య గోడపెట్టె తెచ్చి బిగించాడు. ఏమి పండగ అది! నలుగురం మంచం మీద వరసగా కూర్చున్నాం, తలా ఒక పిడి. వరదలో పడవలు దాటించే ఆట. నూకరత్నం ముందుకు దూసుకుపోయింది. పైడి ఆమెని గుద్దింది. మా అమ్మ తన పడవ ఏదో తెలియక నా పడవని పది సార్లు తిట్టింది. తవిటి మా వెనక రోలు మీద కూర్చుని, "ఎడమకి అమ్మమ్మా, ఎడమకి! అల్లదిగో సుడిగుండం! వదినా, బేగి తిప్పు!" అని ఒకటే అరుపులు. దాని గొంతు అంత పెద్దదని నాకు ఇవాళే తెలిసింది. అది చెప్పినట్టు వింటే మా అమ్మ పడవ కూడా ఒడ్డు చేరింది.

గవరయ్య రసీదు మీద సంతకం పెట్టే ముందు సామాను సరిచూశాను. పెట్టె ఒకటి. తీగలు రెండు. పిడులు నాలుగు. అన్నీ సరి. ఇల్లంతా సంతోషంగా ఉంది. నాకు చాలా తృప్తిగా ఉంది.


నమోదు 217
బొబ్బిలి.

మనుషులు, చుట్టాలు అనే లెక్క ఇవాళ రాయలేదు. ఎందుకో కింద రాస్తాను.

మధ్యాహ్నం నూకరత్నం గొట్టం పని మధ్యలో వదిలేసి వచ్చింది. అలా ఎప్పుడూ రాదు. "ఏటయ్యా, మీ అప్ప మరచెంబు ఊళ్ళో ఎవులో పట్టుకెల్తన్నారు," అంది.

"మరచెంబులు ఊరి నిండా ఉంటాయే."

"మూత మీద నొక్కున్నాది."

ఆ నొక్కు నాకు తెలుసు. చిన్నప్పుడు మా అప్ప ఆ ఇత్తడి చెంబు నా మీదికి విసిరింది. నేను తప్పుకున్నాను, గోడ తప్పుకోలేదు. మా అప్ప పోయాక తవిటి బండెక్కుతూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది. వెళ్ళి దాని మంచం చూశాను. చెంబు లేదు. స్వెట్టర్ లేదు. చెప్పులు కూడా లేవు. రెండు రోజులుగా అది ఉత్త కాళ్ళతో తిరుగుతుంటే, నేల చల్లగా ఉందని తిరుగుతోందనుకున్నాను.

తవిటి మెట్ల మీద కూర్చుని చెరువులోకి పడుతున్న నీళ్ళు చూస్తోంది. పక్కన కూర్చున్నాను. "చెంబేదే తవిటీ?"

నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది. "అరుగు మీద ఎట్టీసినాను మావా."

"ఎందుకమ్మా?"

"సుట్టం బరువు మీ వాటాలోదే గదా. పెట్టె రావాలంటే నాను తగ్గాలి గదా."

"నువ్వు తగ్గాలని ఎవరన్నారే?" అన్నాను.

"ఎవులూ అన్నేదు. నువ్వు రోజూ రాసేటప్పుడు పైకి సదువుతావు గదా. మనుసులు నలుగురు, సుట్టాలు ఒకరు అని." నన్ను ఓదారుస్తున్నట్టు అంది, "పరవానేదు మావా. పిడులు కూడా నాలుగే గదా. లెక్క సరిపోయినాది."

పన్నెండు బోగీలు గ్రాముల్లో తూచేవాణ్ణి. పిడులు నాలుగున్నాయని సంతకం పెట్టినవాణ్ణి. ఆడేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టలేదు. నాకే కాదు, ఇంటిల్లిపాదికీ ఆ ఆలోచన రాలేదు. బరువు చూసి చూసి తలకాయలు లెక్కపెట్టడం మరిచిపోయిన జాతి మాది. అది తిండి ఎందుకు తగ్గించిందో కూడా అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఏడ్చాను. తొమ్మిదో బోగీ ఆవిడ చూసింది, చూడనీ.

లోపలికి వెళ్ళి చెబితే నూకరత్నం నిప్పులు చెరిగింది. "ఉంటావా అని ఆ గుంటపిల్లని ఒక్కసారైనా అడిగినావా?"

"అడగకూడదు. నియమం ఉంది."

"బలవంతం సెయ్యొద్దన్నారు. అడగొద్దన్నారేటి? సదువు సూద్దును!"

చదివాను. బలవంతం చేయరాదనే ఉంది. అడగరాదని ఎక్కడా లేదు. అడగరాదనేది నా బుర్రలో నేనే రాసుకున్నాను. నేను అడగడం లేదు కాబట్టి నాకిష్టం లేదని అది అనుకుంది. అది చెప్పడం లేదు కాబట్టి దానికిష్టం లేదని నేననుకున్నాను. మా ఇద్దరి నోళ్ళూ మూసుకుని ఉండగా బండి నాగావళి దగ్గరికి వచ్చేసింది.

"ముందు సెంబు సంగతి సూడు," అంది మా అమ్మ.

చెంబు సంగతి చిక్కే. ఒక బోగీ మనుషులు తాము విడిచినదాన్ని తిరిగి అడగరాదు. ఈ నియమం అందరికీ నూరిపోసేవాణ్ణి నేనే. అప్పుడు పైడి అంది, "నాన్నా, తవిటి మన బోగీ మనిషి కాదు కదా, చుట్టం. చుట్టం విడిచినదైతే అడగొచ్చు కదా?"

నిజమే. అడగొచ్చు. నేను రూలు పుస్తకం ముద్దు పెట్టుకున్నంత పని చేసి, అందరినీ వెంటబెట్టుకుని ఊళ్ళోకి బయల్దేరాను. చెంబు తీసుకున్నామె పేరు గంగులమ్మ. చెరువు గట్టు మీద టీ కొట్టు. చెంబు తోమి బల్ల మీద పెట్టుకుంది, తళతళలాడుతోంది.

సంగతి చెప్పాను. ఆమె మర్యాదగానే విన్నది. "ఇవ్వడానికేటి బాబూ, ఇచ్చేద్దును. గానీ రేపు మీ బండోళ్ళే నా మీద తగువుకొస్తారు. ఒక్క మాట సెప్పు. ఈ గుంట మీ సుట్టమా, మీ మనిసా?"

ఒక్క మాటే. "చుట్టం" అంటే చాలు, చెంబు వచ్చేస్తుంది. తరువాత నాగావళి దగ్గర ఏం కావాలంటే అది రాసుకోవచ్చు. రూలు ప్రకారం అబద్ధం కూడా కాదు. తవిటి నా చెయ్యి పట్టుకుని ఉంది. దాని కళ్ళు చెంబు మీద ఉన్నాయి. నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. నెలల తరబడి రోజూ పైకి చదివిన మాట, ఆ ఒక్కసారికి రాలేదు.

"మా మనిషి," అన్నాను.

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. గంగులమ్మ తల ఊపింది. "అలగైతే అడగకూడదు బాబూ."

"తెలుసమ్మా. అడగను."

వెనక్కి తిరిగాం. పది అడుగులు వేశాక తవిటి నా చెయ్యి గట్టిగా గుంజింది. "అలా ఎందుకన్నావు మావా? సెంబు పోనాది గదా!"

"పోతే పోయింది. తవిటీ, ఉంటావా మాతో?"

అది చెంబు కోసం ఏడుస్తోందో, దీని కోసం ఏడుస్తోందో నాకు తెలియలేదు. దానికి కూడా తెలిసినట్టు లేదు. ఏడుస్తూనే, "నాగావళి కాడ గదా సెప్పాలి," అంది.

"అక్కడ పైకి చెప్పాలి. ఇక్కడ నా చెవిలో చెప్పు."

చెప్పింది.


నమోదు 219
నాగావళి ఒడ్డున.

ఇవాళ తవుటి తూకం జరిగింది.

బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. మా వైపు వరసగా బిడ్డలు దక్కనివాళ్ళు, పుట్టిన బిడ్డని తవుడుకి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ తెచ్చుకునేవారు. అలా బతికినవాళ్ళే తవిటమ్మలు, తవిటయ్యలు. మా అప్ప కూడా అలాగే చేసింది. వానబండిలో ఆ ఆచారం ఇంకో రూపం తీసుకుంది. కొత్త మనిషి ఇంట్లో చేరితే త్రాసులో ఒక పక్క మనిషి, ఇంకో పక్క తవుడు పెట్టి తూస్తాం. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ గుప్పెడు తవుడు తెచ్చి వేస్తారు. ఆ తవుడు బండిలోని ఆవులకి పోతుంది.

తవిటి ముందుగా నది వైపు తిరిగి, "ఉంటాను!" అని అరిచింది. మొన్న రోలు మీద కూర్చుని అరిచిన గొంతే. తరువాత త్రాసు ఎక్కి కాళ్ళు ముడుచుకు కూర్చుని, "మళ్ళీ తవుడుకి అమ్ముడుపోనాను," అంది. అది మా ఇంట్లో వేసిన మొదటి జోకు. మా అమ్మ నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది.

బండెక్కిన రోజు కంటే రెండు కిలోలు తగ్గి ఉంది. ఇది అధికారికంగా రాస్తున్నాను. బాధ్యత మా అమ్మకి అప్పగించాను. ఆవకాయ జాడీ ఇప్పటికే మళ్ళీ తెరుచుకుంది.

తొమ్మిదో బోగీ ఆవిడ కూడా గుప్పెడు తవుడు వేసింది, నన్ను చూడకుండా. చివరగా జనాన్ని తప్పించుకుంటూ ఒకామె వచ్చింది. గంగులమ్మ! బొబ్బిలి నుంచి నీళ్ళ బండి మీద వచ్చిందట. త్రాసు దగ్గరికి వచ్చి, చేతిలోని మరచెంబు మూత తిప్పి, అందులోని తవుడు పళ్ళెంలోకి వంచింది. తరువాత ఖాళీ చెంబు తవిటి ఒళ్ళో పెట్టింది.

"మీరు అడగకూడదు, నిజిమే," అంది నాతో. "నాను ఇవ్వకూడదని ఎక్కడుంది?"

నేను రూలు పుస్తకం తియ్యలేదు. లేదని నాకు తెలుసు.

మధ్యాహ్నం గవరయ్య వచ్చాడు. మనుషుల లెక్క మారింది కాబట్టి మేం ఆటపెట్టె మళ్ళీ ఎంచుకోవచ్చు. ఐదో పిడి ఏదైనా తగిలించమని అడిగితే, గోడపెట్టెకి నాలుగు మించి పనిచేయవన్నాడు. అందరం తవిటి వైపు చూశాం.

"నువ్వే ఎంచు," అంది పైడి. దాని ఆకాశ నగరాలు పోతాయని తెలిసి కూడా అంది. నా కూతురని చెప్పుకోవడానికి నాకింతకన్నా మంచి రోజు రాదు.

తవిటి ఆలోచించనైనా లేదు. ఆటల బోగీలోకి పోయి, తిన్నగా అడుగు అర దగ్గర కూర్చుంది. "ఇది."

"పద్దెనిమిది కిలోలు కదే అది!" అన్నాను, అలవాటు కొద్దీ.

"నాకు వంద కిలోలున్నాయి గదా మావా," అంది.

ఇనప పెట్టె మోసుకురావడానికి నేనూ గవరయ్యా చాలా తంటాలు పడ్డాం. దుమ్ము దులిపితే మూడు ఆటల్లో ఒకటి ఆ వరద పడవలదే. బొమ్మలు మోటుగా ఉన్నాయి, పడవలకి తెరచాపలు కూడా సరిగ్గా లేవు. కుస్తీ లేదు. మా అమ్మ ఒక్క క్షణం గొణిగి, తరువాత పిడితోనే పైడి నెత్తి మీద ఒకటి ఇచ్చి కుస్తీ లోటు తీర్చుకుంది. ఐదుగురం కూర్చున్నాం. మంచం చాలక నేను రోలు మీద కూర్చున్నాను. తవిటి పడవ అందరినీ దాటేసింది. ఈ నాలుగు రోజులూ వెనక కూర్చుని సుడిగుండాలన్నీ చూసి పెట్టుకున్నట్టుంది, ఒక్కదానిలో కూడా పడలేదు.

ఆట మధ్యలో చూస్తే ఒక పిడి మిగిలిపోయి ఉంది. తవిటి దాన్ని తుడిచి, తీగ చుట్టి, గుమ్మం పక్కన మేకుకి తగిలించింది.

"ఆరోది ఎవరికే?" అన్నాను.

అది ఆట మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది.

"సుట్టాలకి మావా."


నమోదు 220
నాగావళి వంతెన దాటాక. తూకం: సరి.

మనుషులు: ఐదుగురు. చుట్టాలు: ఇవాళ్టికి లేరు. వస్తే పిడి ఉంది.